ఈల వేసిన స్టీలు కమ్మీలు

రోజూ పొద్దున్నా సాయంత్రం మా ఇంటి వెనక నుంచి వచ్చే ఆ ఈల ఏంటని అడుగుతున్నారు కదా. ఊదేది నేనేనండీ. పిచ్చెక్కలేదు. నా తెలివితేటలు ఎక్కువై అలా అయింది. టీ తాగుతూ వినండి, చల్లారిపోతే మళ్ళీ నన్నే పెట్టమంటారు.

నా పని మీకు తెలిసిందే. కలిదిండి చుట్టుపక్కల చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు రిపేరు చేస్తాను. సామాను మోయడానికి పికప్ బండి ఉంది. దాని వెనక బాడీకి తాళ్ళు కట్టుకోవడానికి బయటపక్క నాలుగు కొక్కేలు తప్ప లోపల ఏమీ లేవు. మోటార్లకి అది చాలు. చిక్కంతా గేదెతో వచ్చింది.

మా అత్తగారు రూతమ్మగారిది నల్లజర్ల దగ్గర ఊరు. ఓ రోజు మా ఆవిడ గ్రేసుకి ఫోన్ చేసి, "నా మనవరాలు ప్యాకెట్టు పాలు తాగుతుందంటే నాకు ముద్ద దిగట్లేదే. మల్లిని మీ ఇంటికి పంపించేస్తాను, దాన్ని అలవాటు చెయ్యడానికి నేనూ వచ్చి ఉంటాను" అన్నారు. మల్లి అంటే ఆవిడ గేదె. చూడిది. ఈనడానికి ఇంకో నెలన్నర ఉంది. వాళ్ళ ఊళ్ళో ఎవరిదో ఆవు తాడు ఊడి బండిలోంచి పడిపోయిందట, అందుకని ఆవిడ ఒకటే షరతు పెట్టారు. రెండు పక్కలా గట్టి కమ్మీలుండి, మెడ తాడు అటూ ఇటూ కట్టే వీలుంటేనే మల్లి బండెక్కుతుంది.

"అల్లుడుగారికి శ్రమెందుకు, తెలిసిన డ్రైవరు ఉన్నాడు, మాట్లాడతాను" అని కూడా అన్నారు. అది నాకు గుచ్చుకుంది. పెళ్ళైన కొత్తలో వాళ్ళింట్లో కుళాయి బాగుచేస్తానని వీధంతా నీళ్ళు పెట్టాను లెండి. అప్పట్నుంచీ నేను స్క్రూడ్రైవరు పట్టుకుంటే ఆవిడ లేచి నిలబడతారు. "నేనుండగా వేరే బండి ఎందుకండీ, కమ్మీలు నేనే చేస్తాను" అన్నాను.

వారం రోజులు అదే ఆలోచన. సరుగుడు కర్రలు బిగిద్దామా అంటే తడికి నానిపోతాయి. ప్లాస్టిక్ పైపు గేదె ఒళ్ళు విరుచుకుంటే పోతుంది. అల్యూమినియం తేలికేగానీ మెత్తన. తాడేపల్లిగూడెంలో నాకు తెలిసిన వెల్డింగ్ సోమరాజుగారిని అడిగితే, "ఏవండీ, ఇనప యాంగిల్ వేయించుకోండి. రెండు కోట్లు రంగేస్తే పదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నారు.

"చెరువు నీళ్ళకి ఇనుము ఎంతకాలం ఉంటుందో మీరు నాకు చెప్తారా సోమరాజుగారూ" అన్నాను. అనకుండా ఉండాల్సింది. నా దగ్గర పాత ఏరియేటర్ల ఫ్రేముల్లోంచి తీసిన స్టీలు పైపులున్నాయి. ఏళ్ళ తరబడి నీళ్ళలో నానినా తుప్పు చుక్క లేదు. అవే బాడీ గోడల మీద అటొకటి ఇటొకటి బోల్టులతో బిగిస్తే సరిపోతుందనుకున్నాను. తాళ్ళ కొక్కేలు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవడానికి జానెడుకో కన్నం. స్టీలుకి కన్నం వెయ్యడం మాటలు కాదండీ, నాలుగు డ్రిల్లు బిట్లు విరిగాయి. అయినా వదల్లేదు.

మల్లిని తీసుకురావడానికి వెళ్ళే రోజు పొద్దున్న సోమరాజుగారి షాపులోనే బిగించాం. ఆయన అంతా చూసి, "పైపుల చివర్లు మూసేద్దామండీ, అంత తెరుచుకుని ఉంటే బాగోదు" అన్నారు.

"వద్దండీ, లోపల తేమ నిలవకూడదు. గాలి ఆడాలి" అన్నాను.

గాలి బ్రహ్మాండంగా ఆడింది. గూడెం దాటి కాస్త స్పీడు అందుకోగానే ఎక్కడో సన్నగా ఈల. ఆపితే లేదు. బయల్దేరితే మళ్ళీ ఉంది. ఫ్యాన్ బెల్టు చూశాను, బాగానే ఉంది. చక్రాలు చూశాను, అవీ బాగానే ఉన్నాయి. చివరికి కిటికీ అద్దం ఎత్తేశాను, చప్పుడు వినబడటం మానేసింది. సరే, కిటికీ గాలేలే అనుకుని పాట పెట్టుకుని వెళ్ళిపోయాను. మెకానిక్‌ని మరి.

అత్తగారింట్లో దిగేసరికి ఆవిడ మొహం వాడిపోయి ఉంది. పది రోజులక్రితం కట్టుడు పళ్ళు పెట్టించుకున్నారు. పళ్ళు బాగానే కుదిరాయిగానీ ఈల పోయింది. మీకు తెలుసుగా, మన వైపు పశువు నీళ్ళు తాగేటప్పుడు పక్కన నిలబడి ఈల వేస్తారు. మామగారు ఉన్నన్నాళ్ళూ మల్లికి ఆయన వేసేవారు. ఆయన పోయాక అది తొట్టి దగ్గర మూతి పెట్టి అలా నిలబడిపోయేదట. ఊళ్ళో ఆడవాళ్ళు ఏమనుకున్నా సరే అని ఈవిడ మూడు రోజులు కష్టపడి ఈల నేర్చుకున్నారు. ఇప్పుడు కొత్త పళ్ళ సందుల్లోంచి ఉత్త గాలి వస్తోంది.

"సగం బకెట్టు కూడా తాగట్లేదు బాబూ. కడుపుతో ఉన్నది, ఈ ఎండల్లో నీళ్ళు తాగకపోతే లోపలి దూడ ఏమవుతుంది. మీకేమన్నా ఈల వచ్చా?" అన్నారు.

నాకు రాదు. చిన్నప్పుడు ఈల వేస్తే మా నాన్న వీపు చీరేసేవారు.

మట్టి గట్టు పక్కన బండి పెట్టి, వరిగడ్డి మందంగా పరిచి మల్లిని ఎక్కించాం. మెడ తాడు రెండు కమ్మీలకీ బిగించాను. అత్తగారు రెండు చేతులా పట్టుకుని గుంజి చూసి, "బాగానే చేశారు" అన్నారు. ఆరేళ్ళలో ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు. గ్రేసుకి వెంటనే ఫోన్ చేసి చెప్పాను.

బయల్దేరాం. గేదె కనబడాలని అత్తగారు కిటికీ అద్దం దించే ఉంచమన్నారు. గణపవరం వరకూ ట్రాఫిక్కులో మెల్లగా వచ్చాం, గొడవ లేదు. దాటాక రెండు పక్కలా చెరువులు, రోడ్డు ఖాళీ. కాలు కొంచెం నొక్కాను. ఈల మొదలైంది.

వెనక దబ్బుమని చప్పుడు, బండి ఎడమకి ఊగింది. అద్దంలో చూస్తే మల్లి మెడ చాచి చెరువు వైపు గుంజుతోంది. బ్రేకు వేశాను. ఈల ఆగింది, మల్లి కూడా ఆగింది.

"అల్లుడుగారూ, ఈల వెయ్యకండి, అది కదులుతోంది" అన్నారు అత్తగారు.

"నేను వెయ్యలేదండీ."

"రాదన్నారుగా ఇందాక?"

"రాదండీ."

మళ్ళీ బయల్దేరాను. ఆవిడ రోడ్డు మానేసి నా పెదాల వైపే చూస్తూ కూర్చున్నారు. మళ్ళీ ఈల వచ్చింది. నా పెదాలు కదల్లేదు, మల్లి మాత్రం ఈసారి ముందుకాళ్ళు ఎత్తేసింది. అత్తగారు "యేసయ్యా" అని నా భుజం పట్టుకున్నారు. మల్లి జారి కడుపు మీద పడితే ఆవిడకి నేను మొహం ఎలా చూపించను? ఎలాగో బండిని గట్టు వారకి ఆపి వెనక్కి పరిగెత్తాను. మల్లి నాలుగు కాళ్ళ మీదే ఉంది, నాలుక బయటపెట్టి రొప్పుతోంది. కమ్మీ మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు, ఆ ఒక్క విషయం నేను గొప్పగా చెప్పుకోవచ్చు.

అంతలో చెరువు మీంచి గాలి విసురుగా వచ్చింది. ఆగి ఉన్న బండి సన్నగా హూ అంది. అత్తగారు వంగి కమ్మీ కన్నం దగ్గర చెవి పెట్టారు. నన్ను చూశారు, కన్నాలు చూశారు, మూయని చివర్లు చూశారు. నేను సోమరాజుగారిని తలుచుకున్నాను.

"అంటే దీన్ని దారి పొడుగునా నీళ్ళకి పిలిచి, నీళ్ళు ఇవ్వకుండా తీసుకొస్తున్నామన్నమాట" అన్నారు ఆవిడ.

చెరువు కాపలా ఉండే పెద్దాయన్ని అడిగితే బోరు నీళ్ళు బకెట్టుతో తెచ్చి ఇచ్చాడు. మల్లి మూతి పెట్టి నిలబడింది, తాగదు. అత్తగారు పళ్ళు తీసి చెంగులో కట్టుకుని ప్రయత్నించారు, అప్పుడూ గాలే. పెద్దాయనకి ముందు పళ్ళే లేవు. ముగ్గురం బకెట్టు చుట్టూ మూతులు ముడుచుకుని నిలబడ్డాం.

"ఆ పైపు ముక్క ఏదన్నా మిగిలిందా బాబూ?" అన్నారు అత్తగారు ఉన్నట్టుండి.

క్యాబిన్‌లో ఉంది. కోసేశాక మిగిలిన జానెడు ముక్క. ఒక చివర అరచేత్తో మూసి, రెండో చివర పెదానికి ఆనించి ఊదాను. మొదట ఉమ్మి వచ్చింది, తరవాత ఈల వచ్చింది. మల్లి చెవులు ఆడించి మూతి ముంచింది. ఒక బకెట్టు అయిపోయింది, రెండోదీ అయిపోయింది. నాకు కళ్ళు తిరుగుతున్నాయి, అయినా ఆపలేదు. ఆపితే అదీ ఆపుతుంది.

అత్తగారు మల్లి మెడ నిమురుతూ, "మీ మామగారి ఈల ఇలాగే ఉండేది, కొంచెం బొంగురుగా" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ కోప్పడితే తట్టుకునేవాణ్ణి, ఈ మాటకి మాత్రం తల వంచుకుని ఇంకా గట్టిగా ఊదాను.

తరవాత ఆవిడే చీర కుచ్చెళ్ళు దోపుకుని, గట్టు మీంచి బంకమట్టి తీసి, వరిగడ్డి కలిపి కన్నాలన్నీ మూసేశారు, చివర్లతో సహా. ఇల్లు చేరేదాకా ఒక్క కూత లేదు. ఇనుమా, అల్యూమినియమా, స్టీలా అని నేను వారం తలబద్దలు కొట్టుకుంటే, పని జరిపించింది గడ్డీ మట్టీ.

మల్లి సుఖంగా ఈనింది, పెయ్యదూడ. మా పాప ఇప్పుడు చిక్కటి పాలు తాగుతోంది. పోయిన వారం ఏలూరు డాక్టరుగారు అత్తగారి పళ్ళు సరిచేశారు, ఈల మళ్ళీ వచ్చేసింది. హమ్మయ్య, నాకు విడుదల అనుకుని పైపు ముక్క అటక మీద పెట్టేశాను. సాయంత్రం ఆవిడ తొట్టి దగ్గర నిలబడి శ్రావ్యంగా ఈల వేశారు. మల్లి తాగలేదు. తల తిప్పి అటక వైపు చూసింది.

అత్తగారు లోపలికి వచ్చి, "అల్లుడుగారి చేతిపని దానికి బాగా నచ్చిందే గ్రేసూ" అన్నారు.

ఇదిగో, అయిదున్నర అవుతోంది. టీ ఉంటే ఇంకో గుక్క పొయ్యండి, గొంతు తడుపుకుని వెళ్ళి ఊదాలి. దానికి దాహం వేసే టైమైంది.