ఓదెలన్న షెడ్డుకు పోయిన లేత్

సకల జనుల సమ్మె ముగిసి మళ్ళీ డ్యూటీలకు ఎక్కిన ఏడాది, గోదావరిఖని వర్క్‌షాపులో నన్ను చార్జ్‌హ్యాండ్‌ను చేశారు. చార్జ్‌హ్యాండ్ అంటే టర్నర్లకు పైన, ఫోర్‌మన్‌కు కింద. పని పంచేదీ మాట పడేదీ అతనే. అంతకుముందు నేను టర్నర్‌ని, లేత్ మీద ఇనుప కడ్డీని తిప్పుతూ చెక్కేవాణ్ణి. చాలా ఏళ్లు ఒకే లేత్ మీద గనుల పంపులకు షాఫ్టులు తీశాను.

ఆ లేత్ విదేశం నుంచి వచ్చిన సీమ సరుకు, వయసులో మా అందరికంటే పెద్దది. దాని మీద నా రిలీవర్ ఓదెలన్న. నాది ఫస్టు షిఫ్టయితే అతనిది సెకండు. షిఫ్టు మారే వేళ తప్ప మేము కలిసేది లేదు, ఆ కాసేపూ గొడవే. దిగిపోయేవాడు లేత్ పొడవునా ఉండే బెడ్ మీది ఇనుప రజను తుడిచి పోవాలి, లేకుంటే అది బెడ్‌ను అరగదీస్తుంది. అతను తుడిచాడని తెలిసినా నేను మళ్ళీ తుడిచేవాణ్ణి. నా తర్వాత అతనూ అంతే. వర్క్‌షాపులో మమ్మల్ని సవతులనేవారు. పైకి నవ్వేవాణ్ణి గానీ, దాని మీద అతని చెయ్యి పడుతుందంటే నిజంగానే కడుపు మండేది.

నాకు ప్రమోషన్ వచ్చిన కొన్నాళ్లకే కొత్త మిషన్లు దిగాయి. పాతవాటిని సర్వే ఆఫ్ చేశారు, అంటే ఇక పనికిరావని తీసేసి వేలం వేశారు. ఒక తుక్కు షావుకారి పాడుకున్నాడు. వెళ్లి ఆ లేత్ నాకు అట్టిపెట్టమన్నాను. కంపెనీ క్వార్టర్‌లో దానికి చోటు లేదు. చోటు వెతికేలోగా ఓదెలన్న కొనేశాడు. అప్పటికే రిటైరై సొంతిల్లు కట్టుకున్నాడు, కారు లేకపోయినా కారు షెడ్డు ఉంది. విన్నరోజు నాకు అన్నం సహించలేదు.

ఆదివారం అతనే మా ఇంటికొచ్చాడు. ట్రాలీలోంచి లేత్ దించడానికి తెలిసిన చెయ్యి కావాలన్నాడు. రానందామనుకున్నాను. చూడకుండా ఉండలేక వెళ్లాను.

లేత్‌కు తల వైపు బరువెక్కువ, గేర్లన్నీ అక్కడే ఉంటాయి. లేపే ముందు క్యారేజీని, అంటే పనిముట్టును మోస్తూ అటూ ఇటూ నడిచే భాగాన్ని, తోక వైపుకు జరిపి బిగించాలి. కంగారులో ఓదెలన్న అది మరిచాడు. చైన్‌పుల్లీ లాగుతుంటే తల కిందికి ఒరగసాగింది. పోత ఇనుము, పడితే పగులుతుంది. పగిలితే ఇద్దరికీ ఉండదు కదా అనిపించింది. ఆ ఆలోచన హాయిగానే ఉంది. అంతలోనే ఆపమని అరిచాను. దించి, క్యారేజీ జరిపి, మళ్ళీ లేపాం. కింద పైపు ముక్కలు పరిచి, గడ్డపారలతో నెట్టుకుంటూ షెడ్డులోకి చేర్చాం.

తర్వాతి ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి. కిరోసిన్‌తో జిడ్డు కడిగాం, తుప్పు రుద్దాం, అరిగిన బుష్‌లు మార్చాం. కాళ్ల కింద పల్చటి రేకులు పెట్టి మట్టం సరిచేశాం. బెడ్ మెలి తిరిగి ఉంటే షాఫ్టు ఒక చివర లావు, ఒక చివర సన్నం వస్తుంది. ఇక మిగిలింది అరుగుదల. పాత లేత్‌లకు తల దగ్గర బెడ్ అరిగిపోతుంది, పనంతా అక్కడే గనుక. దాని మీద స్ట్రెయిటెడ్జ్, అంటే వంకర లేని ఉక్కు బద్ద పెట్టి, సందు ఉందేమోనని అన్నిటికంటే పల్చని ఫీలర్ రేకు దూర్చి చూశాను. దూరలేదు, అంటే అరగలేదు. దీంతో పాటు వేలానికి పోయిన మిగతా లేత్‌లన్నీ అక్కడ అరిగినవే. ఇద్దరు పోటీపడి తుడిచింది దీన్నొక్కదాన్నే.

ఓదెలన్న కూడా వంగి చూశాడు. నేను షావుకారిని ముందే అడిగిన సంగతి తనకు తెలుసన్నాడు.

“ఇంకెవలన్న కొంటే ఊకుందును తమ్మీ. నీ ఇంట్ల ఉంటదంటే నాకు నిద్ర పట్టలే. అందుకే జల్ది పోయి కొన్న.”

అతని చోట నేనున్నా అదే చేసేవాణ్ణి. మొదటి కోత నన్ను తియ్యనియ్యమని మాత్రం అడిగాను.

“నువ్వు కొలువు,” అని మైక్రోమీటర్ నా చేతిలో పెట్టి, కోత తనే తీశాడు. రెండు చివర్లా ఒకే కొలత వచ్చింది.

తర్వాత నేను ఫోర్‌మన్‌నై రిటైరయ్యాను. ఒకే మిషన్ మీది రిలీవర్లు ఒకరి మీద ఒకరు ఫిర్యాదు తెచ్చి, వేరే మిషన్‌కు మార్చమంటే, ఇద్దరి మాటా విని మళ్ళీ అక్కడికే పంపేవాణ్ణి. అందులో నా మంచితనమేమీ లేదు. అసూయపడే ఇద్దరి చేతుల్లో యంత్రం ఎక్కువ కాలం బతుకుతుంది. చివరికి పోయేది మాత్రం ఒక్కడి ఇంటికే.