యాడ కూసుంటవ్ అవ్వా?

మా సారు ఇక లేరని శుక్రవారం పొద్దున ఓపీలో ఉండగా తెలిసింది. ఫోన్ చేసింది ఆయన కూతురు. తెల్లవారుజామున నమాజు చేసుకుని, చాయ్ తాగి, జర పండుకుంట అన్నారట. మళ్లీ లేవలేదు. అప్పుడు నా ఎదురుగా తుంటి ఎముక విరిగిన ఒక ముసలాయన స్ట్రెచర్ మీద ఉన్నాడు. ఆయన్ని చూడకుండా పరుగెత్తుకు వస్తే సారు ఊరుకునేవారు కాదు. చూసి, ఎక్స్‌రేకి రాసి, ఆ తర్వాతే నల్లగొండ బస్సెక్కాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఎముకల డాక్టరుగా ఆయన చేతికింద చేరాను. చదువు అప్పుడే ముగించిన తల పొగరు నాది. పెద్దవాళ్ల తుంటి విరిగితే ఏది బిగించాలో పుస్తకం చూడకుండా చెప్పగలనని నమ్మకం. సారు మాత్రం ఎక్స్‌రే చేతిలోకి తీసుకోకముందే రోగి పక్కన స్టూలు లాక్కుని కూర్చునేవారు.

"యాడ కూసుంటవ్ అవ్వా? పొయ్యి కిందనా, గట్టు మీదనా? దొడ్డికి ఎంత దూరం పోతవ్?"

ఇదేం వైద్యమో అని లోపల నవ్వుకునేవాణ్ణి.

ఆయన టేబులు సొరుగులో మూడు వస్తువులు ఉండేవి. ఒక ప్లేటు, దాని లావుపాటి స్క్రూ. ఒక పొడుగాటి రాడ్డు. కాడ ఉన్న నున్నటి ఉక్కు బాల్. వాటిని రోగి చేతికే ఇచ్చి, ఏది ఎందుకో చెప్పేవారు. తుంటి కింది భాగంలో సాఫీగా విరిగితే ప్లేటు చాలు, ముక్కలు ముక్కలైతే రాడ్డు మేలు, తొడ ఎముక మెడ దగ్గర విరిగి పక్కకు జరిగితే ముసలితనంలో అది అతకడం కష్టం, కాబట్టి ఎముక కొసన ఉండే పాత గుండు తీసేసి బాల్ వేయాలి. చదువు రాని అవ్వలకు కూడా ఆ మాటలు అర్థమయ్యేవి. ఒకసారి కంపెనీ మనిషి కొత్తరకం రాడ్డు తెచ్చి గొప్పలు చెబుతుంటే, పాతదానికంటే దీనితో ఎవరు ముందుగా నడిచారని సారు అడిగారు. అతను బ్రోచరు తిరగేశాడు. చాయ్ తాగించి పంపారు.

దేవరకొండ దిక్కు తండా నుంచి ఒక అవ్వ వచ్చింది. మెడ దగ్గర విరిగింది, బాగా జరిగింది కూడా. సారు ఆ వారం సెలవులో ఉన్నారు. బాల్ వేస్తే కింద కూర్చోవద్దని చెప్పాలి, అది జారే భయం ఉంటుంది. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"కింద కూసోకుంటె నా బతుకెట్ల బిడ్డా. పొయ్యి కిందనే, కలుపు తీసుడు కిందనే."

నాకు జాలేసింది. ఆమె గుండు ఆమెకే ఉంచుదామని మూడు స్క్రూలు వేశాను. నాలుగు నెలలకు అవ్వ మళ్లీ వచ్చింది, కాలు పొట్టిదై, నొప్పితో మెలికలు తిరుగుతూ. ఎముక కుంగి స్క్రూలు పొడుచుకొచ్చాయి. సారే మళ్లీ కోసి బాల్ వేశారు. నేను పక్కన నిలబడి సామాను అందించాను. సిగ్గుతో తల ఎత్తలేదు.

చేతులు కడుక్కుంటూ ఆయన మెల్లగా అన్నారు. "నీకు జాలి కలిగింది, మంచిదే. కని ఆమె రెండుసార్లు కోత పడ్డది బిడ్డా."

నెల తర్వాత నన్ను కారులో ఎక్కించుకుని ఆ తండాకు తీసుకెళ్లారు. వెంట నకిరేకల్ మేస్త్రీ ఒకాయన. సాయంత్రానికి అవ్వ పొయ్యి నడుమెత్తు గట్టు మీదికి వచ్చింది. "లోపల ఏం పెట్టాల్నో మనమే చెప్పినం. ఇంట్ల ఏం మార్చాల్నో గూడ మనమే చూడాలె" అన్నారు సారు. ఆయన ఎక్స్‌రేకి ముందు అడిగే ప్రశ్న దేనికో నాకు ఆ రోజు అర్థమైంది. మరోసారి వెళ్లేసరికి అవ్వ నిలబడి చాయ్ కాచి ఇచ్చింది. చక్కెర దండిగా వేసింది.

మూడేళ్ల కింద సారు ఇంట్లోనే నల్లా దగ్గర జారిపడ్డారు. నన్నే పిలవమన్నారట. ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి చూశాను. మెడ దగ్గరే విరిగింది, పూర్తిగా జరిగింది. అంత చదివి, అంత చూసి కూడా నా నోటి నుంచి స్క్రూల మాటే వచ్చింది. ఎందుకో ఆయనకు తెలుసు. ఐదు పూటలా నేలకు నుదురు ఆనించే మనిషి ఆయన.

"దేవరకొండ అవ్వకు మొదలు పెట్టింది పెడ్తవా, తర్వాత పెట్టింది పెడ్తవా?"

"తర్వాత పెట్టిందే సార్."

"మరింకేంది." నవ్వి అన్నారు. "నన్ను అడగవా, యాడ కూసుంటవని?"

అడిగాను. ఆయనలాగే పక్కన స్టూలు లాక్కుని కూర్చునే అడిగాను. నమాజుకు కింద, అన్నారు. ఇగ కుర్చీ తెప్పించమని కూతురికి ఆయనే చెప్పారు. ఆపరేషను బాగా జరిగింది. మర్నాడు నా భుజం పట్టుకుని నాలుగడుగులు వేశారు. ఆ తర్వాత నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. సరైన పనే చేశాను, అయినా ఆయన నుంచి ఏదో లాక్కున్నట్టే అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఖననం అయ్యాక ఇంటికి వెళ్లాం. ఆయన గదిలో కుర్చీ ఉంది, దాని ముందు నమాజు చాప పరిచే ఉంది. తీయబుద్ధి కావడం లేదంది కూతురు. కుర్చీలో కూర్చుని చేసినా చాపను మాత్రం చివరిదాకా పరిచేవారట, ముడత పడితే కర్ర కొసతో సరిచేసేవారట. కుర్చీ దగ్గర పాదాలు ఆనిన చోట రంగు ఈమధ్యే కాస్త వెలిసింది. ముందు వైపు, నుదురు ఆనే చోట, అంతకుముందు ఏళ్ల తరబడి అరిగి నూగంతా పోయింది.

నేను మోకాళ్లు మడిచి కింద కూర్చున్నాను. అరిగిన చోట చెయ్యి పెట్టాను. నున్నగా ఉంది.