బూడిదతో తోమిన గంధం గిన్నె

మా అమ్మ అబద్ధం చెప్పలేదని తేల్చింది నేనే. ఈ సంగతి ఇంట్లో ఎవరూ నాకు గుర్తు చేయనక్కర్లేదు, సందు దొరికినప్పుడల్లా నేనే అందరికీ గుర్తు చేస్తుంటాను.

అమ్మకు, పెద్దమ్మకు పెళ్లిళ్లప్పుడు అమ్మమ్మ చెరో ఆకుపచ్చ గాజు గిన్నె ఇచ్చింది. రెండూ ఒకే జత. అమ్మమ్మ తండ్రి రంగూన్‌లో పనిచేసి, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తిరిగొస్తూ తెచ్చినవి. అరచేతిలో ఒదిగేంత చిన్నవి, చుట్టూ పూరేకులు. మా వాళ్లలో బిడ్డను ఉయ్యాల్లో వేసే రోజు ఆ గిన్నెలోనే గంధం కలిపి ముందు బిడ్డకు, తర్వాత పెద్దలకు రాస్తారు. పెద్దమ్మ కిరందుల్‌లో గనుల కంపెనీ క్వార్టర్‌కు కాపురానికి వెళ్లి, తన గిన్నెను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది. అమ్మ కొంటాలో కాపురం పెట్టింది. శబరి ఏటి ఇసుక, పొయ్యి బూడిద వేసి ప్రతి గిన్నెనూ తోమడం అమ్మకు గొప్ప. ఇత్తడి చెంబైనా గాజు గిన్నైనా ఆమెకు ఒకటే. కొన్నేళ్లకు ఇత్తడి మెరిసింది, గాజు మసకేసింది.

ఆ మసక చూసి పెద్దమ్మ ఓ రోజు తేల్చిపారేసింది.

"ఇది అమ్మ ఇచ్చింది కాదు. అది పగలగొట్టుకొని ఉంటవ్. భద్రాచలం బజార్ల ఇంకోటి కొని పెట్టినవ్. నాది అస్లీ, నీది నక్లీ. బాత్ ఖతం."

నిజంగానే ఖతం. నేను, మా తమ్ముడు మొదలు కుటుంబంలో ఏ బిడ్డ పుట్టినా గంధం పెద్దమ్మ గిన్నెలోదే. అమ్మ ఎదురు చెప్పీ చెప్పీ చివరికి చెప్పడమే మానేసింది. ఆ నింద కంటే అమ్మ మౌనం చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

నేను బచేలీలో ఉంటాను. వారపు సంతలో పాత సీసాలు, లాంతరు చిమ్నీలు, గోలీసోడా బుడ్లు ఏరుకొచ్చే పిచ్చి నాది. మా ఆయన వాటిని చెత్త అంటాడు, అనుకోనీ. అలా ఏరుతూ ఏరుతూ గాజు వయసు చూడటం ఒంటబట్టింది. సీసా పక్కల అచ్చు అతుకు గీత ఉంటుంది. అది మూతి అంచుదాకా పాకితే చాలావరకు యంత్రం చేసిందే. మెడ దగ్గరే ఆగిపోతే మూతిని చేత్తో దిద్దిన పాతకాలపుది అయి ఉండొచ్చు. అడుగున సన్నటి గీతలు అడ్డదిడ్డంగా ఉంటే ఏళ్లతరబడి వాడిన వస్తువు. అన్నీ ఒకే వైపుకు ఉన్నాయంటే ఎవడో గరుకు కాగితంతో రుద్ది దానికి ముసలితనం తెచ్చాడన్నమాట. మెరుపు మాత్రం ఏ వయసూ చెప్పదు. ఈ ముక్క పెద్దమ్మకు చెప్పేదెవరు?

ఈమధ్య మా తమ్ముడికి కూతురు పుట్టింది. ఉయ్యాల వేడుక కొంటాలో, అమ్మ ఇంట్లోనే. పెద్దమ్మ ముందే ఫోన్ చేసి, గంధం గిన్నె తాను తెస్తున్నానని, ఇంకేదీ బయటికి తీయొద్దని చెప్పింది. అమ్మ ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పోయింది. వెనకాలే వెళ్లి చూస్తే తన గిన్నెను కొంగుతో తుడుస్తోంది.

"నా సొంత మనవరాలికి గూడ నా గిన్నె పనికిరాదా ఏందే?" అంది.

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. గిన్నెను కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి భూతద్దం పెట్టి చూశాను. అతుకు గీత పక్కన, రెండు రేకుల మధ్య పల్లంలో వెంట్రుకంత సన్నటి గీత ఉంది. పగులు కాదు, గోటికి ఉబ్బుగా తగులుతోంది. ఇలాంటి గిన్నెలు ఇనుప అచ్చులో గాజు పోసి నొక్కి చేస్తారు. అచ్చు మీద గీటు పడితే, ఆ తర్వాత అందులోంచి వచ్చే ప్రతి గిన్నెకూ అదే చోట ఆ ఉబ్బు ఉంటుంది. పెద్దమ్మ గిన్నెకూ ఉంటే గొడవ తీరినట్టే. లేకపోతే అమ్మను నలుగురిలో అబద్ధాలకోరుగా నిలబెట్టేది నేనే అవుతాను. పెద్దమ్మ తన గిన్నెను ఎవర్నీ ముట్టనివ్వదు కాబట్టి ముందుగా చూసుకునే దారి లేదు.

"చూపించమంటావా అమ్మా?" అని అడిగాను.

"చూపియ్యి. నా గిన్నె సంగతి నాకెర్క లేదా?"

వేడుక రోజు పెద్దమ్మ పట్టుగుడ్డలోంచి తన గిన్నె తీసింది. తళతళా మెరుస్తోంది. నేను అమ్మ గిన్నెనూ, పాత గాజు పరీక్షకు వాడే నీలం లైటు టార్చినీ పట్టుకొని, పట్టపగలు దుప్పటి తెచ్చి అక్కాచెల్లెళ్లిద్దరి మీదా కప్పి, నేనూ దూరాను. "ఏందే ఈ తమాషా?" అని పెద్దమ్మ గునుస్తుండగానే టార్చి వేశాను. రెండు గిన్నెలూ లేత అరిటాకు మీద ఎండ పడ్డట్టు వెలిగాయి. గాజులో యురేనియం కలిపి చేసినవి అలాగే వెలుగుతాయి.

పెద్దమ్మ తగ్గలేదు. "కొత్తవి గూడ ఇట్ల వెలిగేటివి ఉన్నయని నువ్వే చెప్పినవ్ గదా?"

చెప్పాను, ఎప్పుడో గొప్పలకు పోయి. "సరే, నీ గిన్నెకు అతుకు పక్కన వేలు పెట్టు. ఏమన్నా తగుల్తోందా?" అన్నాను.

"వెంట్రుక. చిన్నప్పటి సంది ఉన్నది. పగిలిందనుకొని నేను ఏడిస్తే అమ్మ నవ్వింది."

"ఇప్పుడు నీ చెల్లె గిన్నె చూడు."

వేలు అతుకు పక్కకు జరిగింది, అక్కడే ఆగింది. పెద్దమ్మ మళ్లీ తడిమింది, తన గిన్నెను తడిమింది, మళ్లీ అమ్మదాన్ని తడిమింది.

"చెల్లె," అంది, "ఇది అమ్మ గిన్నెనే."

"నేనేమన్న మరి?" అంది అమ్మ.

నేను దుప్పటి విసిరేసి అరిచిన అరుపుకు ఉయ్యాల్లో పాప ఉలిక్కిపడి లేచింది. అందరూ నన్ను తిట్టారు. తిట్టుకోనీ, ఆ పూట నా అంత సంతోషంగా ఉన్నవాళ్లు కొంటాలో లేరు. పెద్దమ్మ అమ్మ గిన్నెలోనే గంధం కలిపింది. పాప నుదుట పెట్టి, పెద్దల్లో మొదట అమ్మ గొంతుకు రాసింది. ఇద్దరి కళ్లూ నిండి ఉన్నాయి.

చుట్టాలు వెళ్లాక అమ్మ తన గిన్నె పట్టుకొని, బూడిద డబ్బాతో పెరట్లోకి నడిచింది. గాజును అలా తోమొద్దని చెప్పబోయాను. ఇంతలో పెద్దమ్మ పట్టుగుడ్డ విప్పి, ఎవర్నీ ముట్టనివ్వని తన గిన్నెను అమ్మ చేతిలో పెట్టింది.

"నాది గూడ బూడిదేసి తోము," అంది.