కోర్టు లేని నేరం

బహ్రెయిన్ నుంచి తిరిగొచ్చిన మా వైపు మనుషులు నలుగురు కలిస్తే ఇప్పటికీ ఒక కథ చెప్పుకొని నవ్వుతారు. మా బావ ఫోన్లో పెళ్లాంతో మాట్లాడుతూ, తనను ఎట్లాగైనా ఇంటికి రప్పించుకొమ్మని వెక్కి వెక్కి ఏడ్చాడని. ఆ కథ అబద్ధం. పుట్టించింది నేను. ఇన్నేళ్లూ అందరితో కలిసి నవ్వానే తప్ప మొన్నటిదాకా ఆ ఒక్క మాట చెప్పలేదు. ఆ రోజుల్లో, అంటే తొంభైల్లో, నాకు మీసం కంటే ముందు నోరు పెరిగింది. ఎవరి గొంతైనా ఇట్టే పట్టేసేవాణ్ని. మనామాలో, గుదైబియా పేటలో మేమంతా ఇరుక్కుని ఉండే గదిలో, శుక్రవారం కూర ఉడికేలోపు అందరినీ నవ్వించడం నా డ్యూటీ. (ఆ డ్యూటీకి ఓవర్‌టైం మాత్రం లేదు.) బావది మా పక్క ఊరు, సొంత బావ కాదు, వరుసకు బావ. అయినా బామ్మర్దిని కాబట్టి అతన్ని ఆటపట్టించే హక్కు నాకు పుట్టుకతోనే వచ్చిందని నా నమ్మకం.

జరిగింది ఇంతే. ఫోన్ బూత్ దగ్గర వరుసలో నేను బావ వెనకే నిలబడ్డాను. తాను వచ్చాక పుట్టిన బిడ్డకు, ఇంకా ముఖం కూడా చూడని బిడ్డకు, బావ ఫోన్లో జోలపాట పాడుతున్నాడు. గొంతు బాగాలేదు గానీ అందులో ఏడుపు లేదు. ఏడుపు నేను కలిపాను. శుక్రవారం గదిలో గరిటెను చెవికి ఆనించుకుని, ముక్కు చీదుతూ ఆ పాట పాడి, ‘నన్ను ఎట్లన్న ఇంటికి రప్పించుకోవే’ అని వెక్కి, చివర్లో బావకు ఒక పేరు కూడా పెట్టాను. (ఆ పేరు ఇక్కడ రాయను. ఎందుకో మీకే తెలుస్తుంది.) గదంతా పడీ పడీ నవ్వింది. బావ కూడా నవ్వబోయాడు గానీ పెదవులు మాట వినలేదు.

నేను పనిచేసేది మనామా బజారులో ఒక ముసలి సేఠ్ బట్టల కొట్లో. ఆయన యహూదీ, అంటే యూదుడు. ఆ మాట ఊరిపేరో ఇంటిపేరో అప్పట్లో నాకు తెలియదు. శనివారం కొట్టు మూస్తాడు, మంచివాడు, నా కఫీల్, అంటే నా వీసాకు పూచీ ఉన్న యజమాని. అంతవరకే తెలుసు. ఆయన్ని కూడా నవ్విద్దామని కొలబద్దను ఫోను చేసుకుని అదే ఆట ఆడి చూపించాను. ఆయన నవ్వలేదు.

“ఆ మనిషి అప్పుడు అక్కడే ఉన్నాడా?” అని హిందీలో అడిగాడు.

“ఉన్నడు సేఠ్. మొఖం తెల్లగ పాలిపోయింది,” అన్నాను, వచ్చీరాని హిందీలో, గర్వంగా.

సేఠ్ కత్తెర కింద పెట్టాడు. “నలుగురిలో మనిషి ముఖం పాలిపోయేలా చేస్తే రక్తం చిందించినట్టే. మా చట్టం అది. నొప్పించే పేరు పెట్టి పిలవడమూ తప్పే. వాడికి ఆ పేరు అలవాటైపోయినా సరే.”

‘అక్కడ కఫీల్ మాటే చట్టం’ అని ఊళ్లో ఏజెంటు చెప్పి పంపాడు. కొలబద్ద గబుక్కున కింద పెట్టేశాను. “కోర్టు ఎక్కాల్నా సేఠ్?” అని అడిగాను. “దీనికి కోర్టు లేదు,” అన్నాడాయన గుడ్డ మడతపెడుతూ. అంటే విచారణ కూడా లేకుండా తీసుకుపోతారన్నమాట! ఆ రోజు నుంచి పోలీసు జీపు కనబడితే కూరగాయల బుట్టల వెనక నక్కేవాణ్ని. గదిలో బావ బట్టలు నేనే ఉతికేవాణ్ని, కూరలో మెత్తటి ముక్కలు ఏరి అతని పళ్లెంలో వేసేవాణ్ని. “ఏందిరా, పాస్‌పోర్టు గిట్ట పోగొట్టుకున్నవా?” అని బావ అనుమానంగా చూసేవాడు. కానీ అతను మా బూత్ దగ్గరికి రావడం మానేశాడు. మాటలూ తగ్గాయి. మనిషి అట్లా చిక్కిపోతుంటే నా మీద కేసు బలపడుతున్నట్టు అనిపించేది.

తర్వాతి శుక్రవారం అన్నం వేళకు బావ రాలేదు. “పొద్దుగాలనే పోయిండు. ఏడికో చెప్పలె,” అన్నారు గదిలో వాళ్లు. ‘సముద్రం ఎంతో దూరం లేదు’ అని నా మనసు చెప్పింది. ముద్ద వదిలేసి పరుగెత్తాను. ముహర్రక్ దీవికి పోయే వంతెన మీద నీళ్లలోకి తొంగి తొంగి చూస్తుంటే, కార్డు చూపించమని ఒక పోలీసు ఆపాడు. నేను చేతులు జోడించి, “సంపలే సార్! మొఖం ఒక్కటే పాలిపోయింది!” అని తెలుగులో భోరుమన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “యల్లా, రూం రూం,” అని పంపించేశాడు.

రూంకి పోలేదు. వెతుక్కుంటూ పోగా పోగా వంతెన అవతల బుసైతీన్‌లో, మనవాళ్లెవరూ తిరగని వీధిలో, బావ దొరికాడు. బూత్‌లో గోడవైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పాడుతున్నాడు. మధ్యమధ్యలో దొంగలా వెనక్కి చూస్తున్నాడు. నన్ను చూడగానే పాట మధ్యలోనే ఫోన్ పెట్టేశాడు.

“ఈడికి గూడ అచ్చినవారా?” అన్నాడు.

“అన్నానికి పిలువ అచ్చిన బావా,” అన్నాను. అనాల్సింది అది కాదు.

ఆదివారం ఈ కథంతా, పోలీసుతో సహా, సేఠ్‌కి చెప్పాను. ఆయన కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. “పిచ్చివాడా, అది ఈ దేశపు చట్టం కాదు. దేవుడు మాకిచ్చింది. నిన్నెవరూ పట్టుకుపోరు,” అన్నాడు. నవ్వాగాక, “కానీ వాణ్ని అడగనిదే దేవుడు కూడా క్షమించడు. ఎవరి ముందు అన్నావో వాళ్ల ముందే అడుగు,” అన్నాడు. నాకు మొదటి సగమే వినబడింది. జైలు లేదు! భయం ఖలాస్. భయంతోపాటు బుద్ధి కూడా పోయింది. ఆ వారం కూరలో మెత్తటి ముక్కలు మళ్లీ నేనే తిన్నాను. అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ని, తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, చెవి మెలిపెట్టాలనీ అనిపిస్తుంది. సెలవు మీద ఇంటికి పోయేవాళ్లు సామానుతో పాటు నేను పెట్టిన పేరునూ మోసుకుపోయారు.

మొన్న వానాకాలంలో, మా మండలంలో చాయ్ హోటల్ ముందు ఆనాటి గదివాళ్లం కూర్చున్నాం. బావ తన మనుమణ్ని చేయి పట్టుకుని వచ్చాడు. ఒకడు బావకు నేను పెట్టిన ఆ పేరు చెప్పి, “నువ్వు వాని మనుమనివారా?” అని పిల్లాణ్ని పలకరించాడు. అందరూ నవ్వారు. అలవాటైపోయిన బావ కూడా నవ్వాడు. పిల్లాడు మాత్రం తాత ముఖంలోకి చూశాడు. నేను లేచి నిలబడ్డాను. సేఠ్ మాటలో రెండో సగం ఇన్నేళ్లకు వినబడింది.

“నవ్వకుర్రి. బావ ఏనాడూ ఏడ్వలే. బిడ్డకు పాట పాడిండు, గంతే. ఏడుపు నేను కలిపిన. ఆ పేరు పెట్టింది గూడ నేనే. తప్పయింది బావా. నీ మనుమని ముంగట, వీళ్లందరి ముంగట అడుగుతున్న, మాఫ్ చెయ్యి.”