ఎర్ర గుడ్డ కట్టిన ఐకాన్

2024 ఫిబ్రవరి చివరి రోజులు. అడవిలో ఇప్పపువ్వు రాలడం ఇంకా మొదలుకాలేదు. కోంటాలో మా నాన్న కిరాణా కొట్టు వెనక, బియ్యం బస్తాలకూ కిటికీకీ మధ్య ఒక బల్ల ఉంది. నా ఆఫీసు అదే. జగదల్‌పూర్‌లో కంప్యూటర్ డిగ్రీ చదివి వచ్చాక అక్కడే కూర్చుని చిన్న చిన్న పనులు చేసి పంపుతున్నాను. మనుషులతో ఎక్కువ మాట్లాడక్కర్లేని పని కాబట్టి నాకు నచ్చింది.

ఆ ఏడు ఒక స్వచ్ఛంద సంస్థ నాకు మొదటి పెద్ద పని ఇచ్చింది. కిష్టారం వైపు వెళ్ళే దారిలో ఒక బాలికల ఆశ్రమ పాఠశాల ఉంది. అక్కడ ఒకటో తరగతిలో చేరే పిల్లలు ఇంట్లో మాట్లాడేది దోర్లి భాష, బళ్ళో వినిపించేది హిందీ. రెండింటి మధ్యా చిక్కుకుని కొందరు నెలల తరబడి నోరు విప్పరు. వాళ్ళకోసం ఒక ఆట తయారుచేయాలి. మాట్లాడకుండా కూర్చునే పిల్లలంటే ఏమిటో నాకు తెలుసు కనుక ఒప్పుకోవడానికి ఆలోచించలేదు.

ఆటలో ఒక పిల్ల బుట్ట పట్టుకుని ఇప్పచెట్టు కింద పూలు ఏరుతుంది. ఒక్కో పువ్వు ఏరినప్పుడల్లా ఒక మాట ముందు దోర్లిలో, తర్వాత హిందీలో వినిపిస్తుంది. దోర్లి మాటలు చెప్పింది ఆశ్రమంలో వంటచేసే లచ్చక్క. ఫోన్ ముందు కూర్చోబెడితే మొదట సిగ్గుపడింది. తర్వాత, "గా మాట గట్ల గాదు, మళ్ల చెప్త ఆగు" అని తనే నాలుగైదు సార్లు చెప్పి మరీ రికార్డు చేయించింది.

సంస్థవాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే. పిల్లలు పెద్దవాళ్ళ సాయం లేకుండా ఆటను తామే తెరవగలగాలి. ఆశ్రమంలో ఉన్న టీచర్లు తక్కువ, ప్రతి పిల్ల పక్కనా కూర్చునే తీరిక ఎవరికీ లేదు. సోమవారం వాళ్ళు వచ్చి చూస్తారు. చిన్నపిల్లలు తామే తెరిస్తే బీజాపూర్, దంతెవాడ వైపు ఆశ్రమాలకు కూడా ఆట వెళుతుంది. లేదంటే అక్కడితో ఆగిపోతుంది. ఇప్పపువ్వు రాలడం మొదలైతే సగం మంది పిల్లలు ఏరడానికి ఇళ్ళకు వెళ్ళిపోతారు. కాబట్టి ఇంకో అవకాశం ఉండదు.

ఈ పని తెలియనివాళ్ళకోసం ఒక్క మాట చెప్పాలి. ఆటను గేమ్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో తయారుచేస్తాం. పూర్తయ్యాక ఎక్స్‌పోర్ట్ చేస్తాం. అంటే ఆ ఇంజిన్ లేని కంప్యూటర్‌లో కూడా నడిచేలా విడి ఫైలుగా బయటికి తీస్తాం. వండిన కూర డబ్బాలో పెట్టి వేరే ఇంటికి పంపినట్టు. స్క్రీన్ మీద ఆ డబ్బాకు కనిపించే బొమ్మే ఐకాన్. మనం ఏ బొమ్మా ఇవ్వకపోతే ఇంజిన్ తన గుర్తునే దానికి తగిలిస్తుంది. చదవడం వచ్చినవాళ్ళు కింద ఉన్న పేరు చూసి నొక్కుతారు. చదవడం రాని పిల్లకు ఆ బొమ్మే పేరు, ఆ బొమ్మే తలుపు.

అందుకని ఐకాన్ మీద చాలా శ్రద్ధ పెట్టాను. ఇప్పచెట్టు బొమ్మ పెద్దగా గీసినప్పుడు ఎంతో అందంగా ఉంది. డెస్క్‌టాప్ మీద చూస్తే కాలీఫ్లవర్‌లా కనిపించింది. ఐకో ఫైల్ అనే దానిలో ఒకే బొమ్మను పెద్దదీ చిన్నదీ ఇంకా చిన్నదీ అని వేరువేరు సైజుల్లో పెట్టాలి. పెద్దదాన్ని ఊరికే కుదిస్తే ముద్దయిపోతుంది. ప్రతి సైజుకూ విడిగా గీయాలని అప్పుడు అర్థమైంది. ఆకులు తగ్గించాను, కాండం లావు చేశాను. అయినా కంటికి ఆనడం లేదు. కోంటా నుంచి బస్సులో వెళ్ళేటప్పుడు కొన్ని ఇప్పచెట్లకు ఎర్ర గుడ్డ కట్టి ఉండటం చూశాను. ఆకుపచ్చ మీద ఎరుపు ఎంత బాగుంటుందో అనుకునేదాన్ని. ఐకాన్‌లో చెట్టు కాండానికి ఎర్ర పట్టీ ఒకటి చుట్టాను. అంతే, గదికి అటు చివర నుంచి చూసినా గుర్తుపట్టేలా తయారైంది.

నాన్న కూడా వచ్చి చూసి, "ఇప్పచెట్టే గదా. మంచిగున్నది" అన్నాడు.

శుక్రవారం పెన్‌డ్రైవ్ తీసుకుని ఆశ్రమానికి వెళ్ళాను. అక్కడి అధీక్షికను, అంటే ఆశ్రమం బాధ్యత చూసే ఆమెను, అందరూ మేడమ్ అంటారు. జగదల్‌పూర్ మనిషి, తెలుగులో సగం హిందీ కలిపి మాట్లాడుతుంది. ఒకటో తరగతి పిల్లల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, "చలో, కొత్త ఆట ఉంది. మీరే తెరవాలి, నేను చెప్పను" అంది.

పిల్లలు స్క్రీన్ వంక చూశారు. నా చెట్టును చూశారు కూడా. ముందు కూర్చున్న పిల్ల పేరు బుద్రి. బాణం గుర్తును తిన్నగా నా ఐకాన్ దాకా తీసుకెళ్ళింది. అక్కడ ఒక్క క్షణం ఆగి, చుట్టూ తిప్పి, పక్కనున్న బొమ్మలు వేసే ప్రోగ్రాం నొక్కింది. మిగతా పిల్లలు కూడా అంతే. ఒక పిల్ల గీతలు గీసింది. ఇంకో పిల్ల పేకముక్కల ఆట తెరిచింది. నా చెట్టును ఎవరూ ముట్టలేదు.

"డర్ అనుకుంటా," అంది మేడమ్. "కొత్త చీజ్ అంటే భయపడ్తరు వీళ్ళు."

భయపడే పిల్లల్లా కనిపించలేదు నాకు. పేకముక్కల పిల్ల అప్పటికే పక్కవాళ్ళకు ఆట నేర్పుతోంది. కానీ మేడమ్‌తో ఆ మాట అనే ధైర్యం లేకపోయింది. సోమవారం ఏం చెప్పాలా అని మాత్రం ఆలోచించాను.

అన్నం గంట కొట్టాక పిల్లలు వెళ్ళిపోయారు. నేను వంటింటి అరుగు మీద కూర్చున్నాను. బుద్రి తన పళ్ళెం పట్టుకుని వచ్చి నా పక్కనే కూర్చుంది. వాళ్ళమ్మ మా కొట్టుకు చింతపండు తెచ్చేది కాబట్టి ఆ పిల్లకు తెలుగు వచ్చు, నేనూ తెలుసు. మామూలుగా అయితే నేను ముందు మాట్లాడను. ఆ రోజు అడిగాను.

"బుద్రీ, చెట్టు బొమ్మ ఎందుకు నొక్కలే?"

తింటూనే అంది, "అది మాది గాదు."

"మరి ఎవరిది?"

"ఏమో. గుడ్డ కట్టినోళ్ళది."

నాకు అర్థం కాలేదు. లోపల గంటె కడుగుతున్న లచ్చక్క నవ్వడం వినిపించింది. చేతులు తుడుచుకుంటూ గడప దగ్గరికి వచ్చింది.

"ఏంది పిల్లా, చెట్టుకు గుడ్డ కట్టి పెట్టినవా?"

"అందంగా ఉంటుందని పెట్టాను."

"అందమేంది. గా చెట్టు మాది, పువ్వు మేం ఏరుకుంటం అని కడ్తరు. కట్టినంక ఇంకొకళ్ళు దాని కిందికి పోరు. పిల్లలు గూడ పోరు. బస్తాలకు బస్తాలు ఇప్పపువ్వు మీ కాంట మీదికే వస్తది గదా, గిది ఎరుకలేదా నీకు?"

"కొట్లోకి వచ్చేసరికి దానికి గుడ్డ ఉండదు కదా లచ్చక్కా," అన్నాను.

లచ్చక్క మళ్ళీ నవ్వింది. "గది నిజమే. కొట్టోళ్ళకు పువ్వు కనవడ్తది, చెట్టు కనవడదు."

పుట్టినప్పటి నుంచీ ఇప్పపువ్వు వాసనలో పెరిగినదాన్ని నేను. ఎండిన పువ్వులో తేమ ఎంతుందో పిడికిలి బిగించి చెప్పగలను. కానీ ఏరడానికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆ పిల్లలు నా ఐకాన్‌ను గుర్తుపట్టారు, చాలా బాగా గుర్తుపట్టారు. అందుకే ముట్టలేదు. నేను గీసింది తలుపు అనుకున్నాను, వాళ్ళకు కనిపించింది తాళం.

గుడ్డ తీసేస్తే మళ్ళీ కాలీఫ్లవరే. అందుకని బుద్రినే అడిగాను. "చెట్టు కింద బుట్ట పెడితే?"

"బుట్ట ఉంటే వాళ్ళు ఉన్నట్టే," అంది.

"ఉత్త పూలు గీస్తే?"

"ఎవరి చెట్టు కిందియి?"

లచ్చక్క ఈసారి చెంగుతో నోరు మూసుకుంది. నేను మాత్రం వదలలేదు. "మరి ఎట్లుంటే తీసుకుంటవు నువ్వు?"

బుద్రి పళ్ళెం కింద పెట్టి, కుడిచేయి కడుక్కుని, అరచేయి చాపి నా ముందు పెట్టింది. "గిట్ల ఇస్తే తీస్కుంట."

ఆ చేతినే గీశాను. ఫోటో తీసుకుని వచ్చి, శనివారమంతా బియ్యం బస్తాల పక్కన కూర్చుని ప్రతి సైజుకూ విడివిడిగా గీశాను. ముదురు గోధుమరంగు అరచేయి, దాని మధ్య పాలిపోయిన పసుపుపచ్చ ఇప్పపువ్వు ఒక్కటి. అన్నిటికన్నా చిన్న సైజులో వేళ్ళు గీయడానికి చోటు లేదు. నాలుగు గీతల్లో చేయి అనిపించాలి, అడుగుతున్న చేయి కాదు, ఇస్తున్న చేయి అనిపించాలి. బొటనవేలు కొంచెం బయటికి జరిపితే ఆ తేడా వచ్చింది. అంత చిన్న బొమ్మతో అంతసేపు నేనెప్పుడూ గడపలేదు. పూర్తయ్యాక నాన్నకు చూపించాను. ఈసారి తనకు తెలియకుండానే చేయి ముందుకు చాపాడు. చాలు అనుకున్నాను.

సోమవారం సంస్థవాళ్ళకన్నా ముందే ఆశ్రమానికి చేరి పాత ఆట తీసేసి కొత్తది ఎక్కించాను. స్క్రీన్ మీద చూస్తే అదే ఎర్ర గుడ్డ చెట్టు. తీసి మళ్ళీ పెట్టాను. అదే చెట్టు. బయట జీపు ఆగిన చప్పుడైంది.

"క్యా హువా? మార్చలేదా?" అంది మేడమ్.

"మార్చాను మేడమ్. కంప్యూటర్ పాతది మర్చిపోలేదు," అన్నాను. నిజంగా జరిగింది అదే. ఒకసారి చూసిన ఐకాన్‌ను కంప్యూటర్ దాచిపెట్టుకుంటుంది, అదే పేరుతో ఇంకో ఫైల్ వస్తే దాచిన బొమ్మనే చూపిస్తుంది. దీన్ని ఐకాన్ కాష్ అంటారు. ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ వెళ్ళి ఫైల్ పేరు మార్చాను. 'చెట్టు' అన్నచోట 'చేయి' అని రాశాను. ఒక్కొక్క స్క్రీన్ మీదా చెట్టు పోయి అరచేయి తెరుచుకుంది. చివరి కంప్యూటర్ దగ్గర ఉండగా వచ్చినవాళ్ళు లోపలికి అడుగుపెట్టారు. నేను గోడ దగ్గరికి జరిగి నిలబడ్డాను.

పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఏది నొక్కాలో ఎవరూ చెప్పలేదు. బుద్రి స్క్రీన్ చూసి, తన అరచేయి చూసుకుంది. వెనక్కి తిరిగి నా వంక ఒకసారి చూసి నొక్కింది. లచ్చక్క గొంతు గదంతా వినిపించింది. ఇంకో కంప్యూటర్ నుంచి మళ్ళీ, ఇంకోదాని నుంచి మళ్ళీ. కాసేపటికి ఆ గొంతు వెనకాలే పిల్లలు మాటలు అనడం మొదలుపెట్టారు. ముందు దోర్లిలో, తర్వాత హిందీలో. జూన్‌లో చేరినప్పటి నుంచీ మేడమ్ ముందు ఒక్కసారీ నోరు విప్పని ఒక పిల్ల అందరికన్నా గట్టిగా అంది. వంటింట్లోంచి అసలు లచ్చక్క కేకేసింది: "నా గొంతును గన్ని సార్లు ఎందుకు పిలుస్తున్రు?"

వచ్చినవాళ్ళలో పెద్దాయన, "ఈ చేయి ఐకాన్ ఎవరి ఐడియా?" అని హిందీలో అడిగాడు. గోడ దగ్గర నిలబడే, ఆయనకు వినిపించేంత గొంతుతో చెప్పాను, "బుద్రిది సర్. గీసింది నేను." ఆ రెండు వాక్యాలూ పూర్తిగా చెప్పగలిగినందుకు ఇప్పటికీ సంతోషమే.

ఇప్పుడా ఆట చాలా ఆశ్రమాల్లో ఉంది. ఆ తర్వాత ఇంకెన్నో ఐకాన్‌లు గీశాను. బొమ్మ ఏమిటో తెలుస్తోందా అని మా పనిలో అందరూ అడుగుతారు. నేను ఇంకో ప్రశ్న కూడా అడుగుతాను: ఇది నీదే అనిపిస్తోందా? ఆ ప్రశ్న నేర్పింది ఒకటో తరగతి పిల్ల.

పోయిన నెల బీజాపూర్‌లో ఒక ఆశ్రమానికి వేరే పని మీద వెళ్ళాను. కంప్యూటర్ ముందు నాకు తెలియని పిల్ల ఒకతె కూర్చుని ఉంది. మౌస్ పట్టుకునే ముందు తన చేయి ఎత్తి స్క్రీన్ మీది చేతికి ఆనించింది. పువ్వు తీసుకున్నట్టు వేళ్ళు ముడిచింది. తర్వాత నొక్కింది. అది గీసింది నేనే అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. తీసుకుంది కదా.