కంప్యూటర్ పిల్లకు ఏమీ రాదు

బట్టీ పట్టడంలో ఆ పిల్లను మించినవాళ్లు లేరు. స్కూల్లో పాఠాన్ని కామాలతో సహా అప్పజెప్పేది. ఆ ధైర్యంతోనే కాలేజీలో ఐటీ తీసుకుంది. కుట్టుమిషను మీద బతుకు లాగే వాళ్లమ్మ ఆ రోజే వీధంతా చాటింపు వేసింది. అప్పటినుంచి అసలు పేరు పోయి ‘కంప్యూటర్ పిల్ల’ మిగిలింది. ఎవరి టీవీ పలకకపోయినా, ఎవరి ఫోన్ మొరాయించినా ఆమెకే కబురు. తన చదువు అది కాదు మొర్రో అన్నా వినేవాళ్లేరీ!

కాలేజీలో సగంమంది చిన్నప్పటినుంచి కంప్యూటర్‌తో ఆడుకున్నవాళ్లు. ఈమెకు మౌస్ పట్టుకోవడమే కొత్త. పాఠం ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు, అడిగితే నవ్వుతారని భయం. అందుకని తనకు తెలిసిన విద్యనే నమ్ముకుని ప్రోగ్రాములన్నీ బ్రాకెట్లతో సహా బట్టీ కొట్టింది. ల్యాబ్‌లో గడగడా టైప్ చేస్తుంటే పక్కవాళ్లు నోరెళ్లబెట్టారు. దాంతో పూర్తిగా ఇరుక్కుంది. తెలివైనదని పేరొచ్చాక తెలియదని చెప్పడం ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుసు.

ల్యాబ్ పరీక్ష రానే వచ్చింది. ఒకటి నుంచి పది దాకా అంకెలు చూపించే ప్రోగ్రాం ఆమెకు కంఠతా వచ్చు. సర్ మాత్రం పది నుంచి ఒకటికి దిగిరమ్మన్నాడు. ఆమె పదితో మొదలుపెట్టింది గానీ, ఒక్కొక్కటే తగ్గించమని చెప్పాలని తోచలేదు. అంకెలు పది, పదకొండు, పన్నెండు అంటూ పైకి ఎగబాకాయి. ఎంతకీ ఆగవు. ఏ మీట నొక్కినా ఆగవు. కంగారులో బల్ల కింద కనబడ్డ ప్లగ్గు పీకేసింది. తీరా చూస్తే అది ఆ వరుస మొత్తానిది. అందరి పరీక్షా గంగలో కలిసింది.

ఎవరి పని ఇదని సర్ అడిగితే లేచి నిలబడింది.

“నాకేమీ రాదు సర్. ఇన్నాళ్లూ బట్టీ పట్టాను.”

ఆయన తిట్టలేదు. ఇరుక్కుపోతే ప్లగ్గు పీకకూడదని, రెండు మీటలు కలిపి నొక్కి ఆపాలని చూపించాడు. ఈ చదువు వద్దనుకుంటే కామర్స్‌కు మారొచ్చని, ఇంట్లో పెద్దవాళ్లు రేపటిలోగా వచ్చి చెప్పాలని, ఆ తర్వాత కుదరదని అన్నాడు. ఇన్ని వారాల్లో ఆమెకు మొదటిసారి ఊపిరాడింది.

ఇంటికొచ్చేసరికి పక్కింటి పిన్ని కూర్చుని ఉంది. తెర బిగుసుకుపోయిన ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఈమె కోసమే ఎదురుచూస్తోంది. పిన్ని ఉన్నా సరే, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననుకుంది.

“నాకు ఈ చదువు రావట్లేదమ్మా. రేపు నువ్వు కాలేజీకి రావాలి.”

అమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ నవ్వింది. “చూశావా చెల్లీ? ఎంత వచ్చినా రాదనే అంటుంది. పిసరంత గర్వం లేదు దీనికి.”

పిన్ని ఫోన్ ఈమె చేతిలో పెట్టింది. ఏం చేయాలో తెలియక, మధ్యాహ్నం నేర్చుకున్న ఆ ఒక్క ముక్కే గుర్తొచ్చి, పక్కనున్న రెండు బటన్లూ కలిపి గట్టిగా నొక్కి పట్టుకుంది. తెర నల్లబడి, మళ్లీ వెలిగింది.

పిన్ని నీ కడుపు చల్లగుండా అంటూ ఆమె బుగ్గలు పుణికింది. ఇక ఆ రాత్రికి వీధంతా తెలిసిపోతుంది. అమ్మ మిషను ఆపి కూతురి వైపు చూసింది. ఆ కళ్లల్లో వెలుగు చూస్తే ఈమెకు ఏడుపొచ్చింది.

“రేపు కాలేజీకి రమ్మన్నావు, ఎందుకే?”

“ఏం లేదులేమ్మా.”