మా ఇంటాయనకు తెలిసిపోయిన లెక్క

“ఓలే, గుంట లెక్క నాకు తెలిసిపోనాది. పొద్దున్న సెప్తాను,” అన్నాడు మా ఇంటాయన.

“ముందు అంబలి తాగు, సల్లారిపోతంది,” అన్నాను నేను.

మేమిద్దరం అనుకున్న ఆఖరి మాటలు ఇవే. అంబలి తాగాడు, పడుకున్నాడు. తెల్లారి లేపితే లేవలేదు. తెలిసిందేమిటో నాకు చెప్పకుండానే పోయాడు. పంట మళ్ళీ చేతికొచ్చింది, ఈ రోజు కొత్తల పండుగ. అయినా ఆ మాట నా చెవిలోంచి పోలేదు. నాకు సంతకం మట్టుకే వచ్చు కాబట్టి నేను చెబుతుంటే మా గుంట రాస్తోంది. గుంట అంటే మా కూతురే. విశాఖలో పెద్ద చదువు చదువుతోంది, పండక్కి వచ్చింది.

ఆ చదువేమిటో ఊళ్ళో ఎవరికీ అంతు పట్టలేదు. కరెంటు చదువు అన్నారు కదా అని, మొదటిసారి వచ్చినప్పుడు పాడైన చార్జర్లు, వెలగని టార్చిలు తెచ్చి మా అరుగు నింపేశారు. మా తోడికోడలైతే ట్రాన్స్‌ఫార్మర్ పోయిందని దీన్ని స్తంభం ఎక్కమంది. ఇది బాగుచేసే చదువు కాదు పెద్దమ్మా అని గుంట మొత్తుకుంది. సెల్‌ఫోన్ లోపల పచ్చ పలక మీద రాగి గీతలుంటాయట. ఒక గీతలో కరెంటు పారితే, ముట్టుకోకుండానే పక్క గీత ఉలిక్కిపడుతుందట. పలక తయారు కాకముందే ఏది దేన్ని ఎంత కదుపుతుందో కంప్యూటర్‌లో లెక్క కట్టాలట. ఇంకా పుట్టని వస్తువుకు లెక్కేమిటో నాకు ఈనాటికీ అర్థం కాదు.

నిరుడు పండుగ వెళ్ళిన కొన్నాళ్ళకు, ఓ సాయంత్రం వాళ్ళ అయ్య వదలకుండా అడిగితే చేటలో రాజ్మా గింజలు పోసి చూపించింది. గీతల్ని ఇలా చిన్న చిన్న ముక్కలు చేస్తుందట. ప్రతి గింజా ప్రతి గింజనూ కదుపుతుందట. అన్నిటినీ విడివిడిగా లెక్కేస్తే మిషను వేడెక్కి కూర్చుంటుందట. అందుకని దగ్గరున్న గింజల్ని ఒక్కొక్కటిగా చూసి, దూరంగా ఉన్నవాటిని గుప్పెడు గుప్పెడు కలిపి ఒక్కటిగా చూస్తుందట. జవాబు ఇంచుమించు అదే వస్తుందట, పైగా బేగి వస్తుందట. దూరంగా ఉన్నంత మాత్రాన గింజ గింజ కాకుండా పోతుందా అని నేను పోట్లాడాను. ఆయన చేట వంకే చూస్తూ కూర్చున్నాడు. సినిమా అంతా నిద్రపోయి బయటికొచ్చి కథ చెప్పే మనిషి ఆయన. అందుకే, ఆ రాత్రి అంబలి దగ్గర తెలిసిపోయిందంటే నేను పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకుందామంటే మనిషి లేడు.

ఈ పొద్దున ఇద్దరం అడ్డాకులు కుడుతున్నాం. కొత్త సామల అన్నం మేము తినేముందు పోయిన పెద్దలకు పెట్టాలి. ఎన్ని ఆకులు కావాలని గుంట అడిగింది. ఎప్పుడూ ఆయనే పెట్టేవాడు కాబట్టి ఆయన పెట్టినట్టే చెప్పాను. తాతకొకటి, నాయనమ్మకొకటి, వాళ్ళకు ముందు పోయినవాళ్ళందరికీ కలిపి ఒక పెద్దాకు. వాళ్ళ పేర్లు కూడా మాకు తెలియవు. గుంట చేతిలో ఈనెపుల్ల ఆగిపోయింది.

“అమ్మా, అయ్యకి తెలిసింది ఇదేనేటో,” అంది.

“ఏటది?”

“దగ్గరోళ్ళకి తలో ఆకు, దూరపోళ్ళందరికీ ఒకే ఆకు. నా లెక్కా అంతే.”

కావచ్చు. కాకపోనూ వచ్చు. ఆయన్ని అడిగి రూఢి చేసుకునే దారి లేదు. సరే, దూరం ఎక్కడ మొదలవుతుందని గుంటను అడిగాను. కష్టమంతా అక్కడే ఉందట. మరీ దగ్గర నుంచే కలిపేస్తే జవాబు తప్పుతుందట, మరీ దూరం దాకా విడివిడిగా చూస్తే లెక్క తెమలదట. అది విని, కుట్టిన ఆకుల్లోంచి ఒకటి పక్కకు తీశాను. నిరుడు అందరికీ ఆకులు వేసిన మనిషికి ఈ ఏడు నేను ఆకు వేయాలి. పక్క గదిలో దగ్గినట్టే ఉంటుంది, పిలిస్తే పలకడు. ఆయన దగ్గరా, దూరమా?

“అయ్యకి ఏరే ఆకే,” అంది గుంట, నన్ను చూడకుండా.

నేనున్నన్నాళ్ళూ వేరే ఆకే. దీని పిల్లలు కూడా వేస్తారేమో. ఆ తర్వాత ఎవరో ఆయన పేరు మరిచిపోయి పెద్దాకులో కలిపేస్తారు, నన్నూ కలిపేస్తారు. మనుషుల్ని ఒక్కొక్కరినే తీసుకుపోయే కాలం, చివరికి అందరినీ ఒకే ఆకు ముందు కూర్చోబెడుతుంది. అప్పటికైనా ఆ తెలిసిందేమిటో ఆయన నాకు చెబుతాడేమో.

సరే గానీ గుంటా, రాసింది మొదట్నించి ఓపాలి సదువు. మీ అయ్య మాట కాడ మెల్లగా సదువు.